లెట్రోజోల్ మొదలెట్టాక వేళ్లు ముడవట్లేదు, ఆపేద్దామనిపిస్తోంది

పర్లాకిమిడి_అప్ప:
అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ మీ మాటలు చదవడమే గానీ నేను రాసింది లేదు. నాకు 57. ఎడమ రొమ్ముకి ఆపరేషను, కీమోలు, కరెంటు పెట్టడం అన్నీ అయిపోయాయి. రిపోర్టులో ఈఆర్, పీఆర్ రెండూ పాజిటివ్ అని వచ్చింది, అంటే ఆడ హార్మోన్లతో పెరిగే రకమట. అందుకని ఆ హార్మోను తగ్గించే మాత్ర, లెట్రోజోల్ 2.5 మిల్లీగ్రాములది రోజుకొకటి, అయిదేళ్లు వేసుకోమన్నారు. మొదట్లో ఏటీ అనిపించలేదు. ఇప్పుడు పొద్దున్న లేచేసరికి వేళ్లు ముడవట్లేదు. నాది కుట్టుపని. సూదిలో దారం ఎక్కించడానికి పక్కింటి గుంటని పిలవాల్సొస్తోంది. మంచం దిగాక పది అడుగులు తొంభై ఏళ్ల మామ్మలాగ నడుస్తాను, తరవాత కాస్త సర్దుకుంటాది. మోకాళ్లు సరేసరి. రాత్రయితే ఒంట్లోంచి ఒకటే ఆవిర్లు, జాకెట్టు పిండుకోవాలి.

మా ఇంటాయన "క్యాన్సర్ కోసి తీసేశారు కదా, లేని జబ్బుకి మందెందుకు" అంటాడు. మా తోడికోడలిదీ అదే పాట. విశాఖలో డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లేది రెండు నెలల తరవాత. అంతదాకా ఆపేస్తే ఏటవుతాది? మీలో ఎవరైనా ఆపేశారా? తిట్టకుండా చెప్పండి.

బరంపురం_పట్టుచీర:
అప్పా, తిట్టేవాళ్లెవరూ లేరిక్కడ. నాది మూడో ఏడు, అదే మందు. మీరు రాసిన ప్రతి ముక్కా నేను పడిందే. గిన్నె మూత తియ్యలేక ఏడ్చిన రోజులున్నాయి. ఆపలేదు, కానీ ఇలాగే లాగలేదు కూడా. మీరు రెండు నెలలు ఆగడం ఎందుకు? డిశ్చార్జి కాగితం మీద ఓపీ ఫోన్ నంబరుంటుంది చూడండి. "లెట్రోజోల్ వల్ల కీళ్లు పట్టేస్తున్నాయి, పని చేసుకోలేకపోతున్నాను" అని ఆ రెండు మాటలే చెప్పండి. "కాస్త నొప్పులుగా ఉంటోందండీ" అంటే ఎవరూ పట్టించుకోరు. ఏ పని ఆగిపోయిందో చెప్పాలి. సూదిలో దారం సంగతి చెప్పండి, రాసుకుంటారు.

మందులషాపు_గుణుపూర్:
అమ్మా, ఇంటాయనగారి ప్రశ్నకి ముందు జవాబు చెప్తాను. అది అందరిళ్లలోనూ వచ్చే ప్రశ్నే. ఆపరేషను గడ్డని తీస్తుంది. కంటికీ స్కానుకీ అందని కణాలు ఒంట్లో ఎక్కడైనా మిగిలి ఉండొచ్చు. మీ రకం క్యాన్సర్‌కి ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోనే మేత. ముట్లాగిపోయాక అండాశయాలు దాన్ని దాదాపు తయారు చెయ్యవు గానీ కొవ్వులో, కండరాల్లో అరోమటేజ్ అనే ఎంజైము కొద్దికొద్దిగా చేస్తూనే ఉంటుంది. లెట్రోజోల్, అనాస్ట్రజోల్, ఎగ్జిమెస్టేన్ మూడూ ఆ ఎంజైమునే అడ్డుకుంటాయి. అందుకే కీళ్లు ఎండిపోయినట్టు అనిపిస్తాయి, ఎముక పలచబడుతుంది. అంటే మందు పనిచేస్తున్న చోటునుంచే బాధ కూడా వస్తోంది.

మందు మార్చడం, కొన్ని వారాలు ఆపి చూడటం కూడా చికిత్సలో భాగాలే. రెండు నుంచి నాలుగు వారాలు ఆపించి, నొప్పి తగ్గితే అదే గుంపులో ఇంకో మందు ఇస్తారు. లెట్రోజోల్ పడని మనిషికి ఎగ్జిమెస్టేన్ చక్కగా పడటం చాలాసార్లు చూశాను. అదీ పడకపోతే, ఈస్ట్రోజెన్‌ని కణాల దగ్గర అడ్డుకునే వేరే రకం మందు టామాక్సిఫెన్‌కి మారుస్తారు. కాకపోతే ఆ ఆపడం డాక్టరు లెక్కలో ఉండాలి, మళ్లీ మొదలెట్టే తేదీతో సహా. ఎవరికీ చెప్పకుండా ఆపినవాళ్లలో మళ్లీ మొదలెట్టేవాళ్లు తక్కువ. షాపులో నాకు తెలిసిపోతుంది. నెలనెలా వచ్చే మనిషి రెండు నెలలకోసారి వస్తే అడిగేస్తాను, "పిల్లా, రోజు విడిచి రోజు వేసుకుంటున్నావా" అని. తలొంచుకుంటారు.

సిరోంచ_అక్క:
నాది టామాక్సిఫెన్, 20 మిల్లీగ్రాముల గోలీ. మాది గోదావరి, ప్రాణహిత కలిసే కాడ, మహారాష్ట్ర ఒడ్డు. దవాఖాన హైదరాబాదుల. గోలీ ఆపుడు గురించి నేనేం జెప్ప గానీ ఒక్కటి మాత్రం అందరు చదవాలె. మా వదిన గిదే గోలీ ఏసుకుంటది. బస్సుల పొద్దంత కూసోని వచ్చినంక ఒక్క కాలి పిక్క ఉబ్బింది, ముట్టుకుంటే ఎచ్చగ ఉన్నది. ఇంట్లోల్లు బస్సు వాపే అనుకున్నరు. తెల్లారి ఆర్‌ఎంపీ నొప్పి సూది ఇయ్యబోతే మా అన్న ఒప్పుకోలే, సీదా పెద్ద దవాఖానకు తీస్కపోయిండు. డాప్లర్ స్కానుల రక్తం గడ్డకట్టిందని తేలింది. ఎంబడే మందు పడ్డది, ఇప్పుడు మంచిగున్నది. రెండు కాళ్లు ఒక్కతీరుగ ఉబ్బితే వేరే ముచ్చట, ఒక్క కాలు మాత్రమే ఉబ్బితే ఊకోవద్దు.

ఛత్రపూర్_రిటైర్డ్_నర్సు:
సిరోంచ అక్క చెప్పింది బంగారంలాంటి మాట. దానికి ఇంకొంచెం కలుపుతాను. టామాక్సిఫెన్ వాడేవాళ్లు ఉన్నట్టుండి ఆయాసం, గుండెలో పొడిచినట్టు నొప్పి వస్తే ఊరి డాక్టరు కోసం చూడకుండా అంబులెన్సు పిలవాలి. ముట్లాగిపోయిన మనిషికి మళ్లీ ఎర్ర కనిపిస్తే, మరక చిన్నదైనా సరే, ఆ వారంలోనే గైనకాలజిస్టుకి చూపించాలి. ఈ మందు గర్భసంచి లోపలి పొరని మందంగా చేస్తుంది, కొద్దిమందిలో క్యాన్సర్‌కీ దారితీస్తుంది. భయపెట్టడానికి చెప్పట్లేదు. లెక్క చూడండి. అట్లాస్ అని పెద్ద పరిశోధన, లాన్సెట్‌లో 2013లో వచ్చింది. అందులో పదేళ్లు వాడినవాళ్లని అయిదేళ్ల దగ్గర ఆపినవాళ్లతో పోల్చారు. అయిదో ఏడు నుంచి పద్నాలుగో ఏడు దాకా గర్భసంచి క్యాన్సర్ వచ్చే అవకాశం పదేళ్లవాళ్లకి 3.1 శాతం, ఆపినవాళ్లకి 1.6 శాతం. అదే కాలంలో రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయే అవకాశం పదేళ్లవాళ్లకి 12.2 శాతం, ఆపినవాళ్లకి 15 శాతం. నష్టం ఉంది, లాభం అంతకన్నా పెద్దది. గర్భసంచి క్యాన్సర్‌ని ఆ ఎర్ర మరక దగ్గరే పట్టుకుంటే ఎక్కువమందికి నయమవుతుంది, కనకనే మరక దాచుకోవద్దంటున్నాను.

పర్లాకిమిడి అప్పకి మాత్రం ఈ గడ్డకట్టడం, గర్భసంచి గొడవ దాదాపు లేదు. మీది వేరే గుంపు. మీరు చూసుకోవాల్సింది కీళ్లు, ఎముకలు, కొలెస్ట్రాల్.

జైపూర్_ప్రకృతి:
ఇవన్నీ కెమికల్ మందుల వల్లే. మా అత్తగారు అన్నీ మానేసి శతావరి లేహ్యం, అశ్వగంధ పొడి పాలతో తీసుకున్నారు. నొప్పులు పోయాయి. వివరాలు కావాలంటే నంబరు పంపుతాను.

నిర్వాహకులు:
నంబర్లు పంపడం వద్దు. డాక్టరు రాసిన మందు మానెయ్యమనే సలహా ఇక్కడ నిలవదు. పై పోస్టు తీసెయ్యకుండా ఉంచుతున్నాం, కింద జవాబులు రావాలని.

మందులషాపు_గుణుపూర్:
జైపూర్ గారూ, మందు ఆపితే నొప్పి పోతుంది, దానికి లేహ్యం అక్కర్లేదు. నొప్పి పోవడం, క్యాన్సర్ తిరిగి రాకపోవడం వేర్వేరు సంగతులు. శతావరిలో ఈస్ట్రోజెన్‌లాగా పనిచేసే పదార్థాలున్నాయంటారు. ఈస్ట్రోజెన్ తగ్గించడానికి ఒక మాత్ర వేసుకుంటూ పక్కన దాన్ని తాగడం ఎందుకు? నేను అమ్మే వస్తువే అయినా ఈ రోగులకి అమ్మను. పసుపు కూరలో వేసుకోండి, ఎవరూ కాదనరు. టామాక్సిఫెన్ వాడుతూ మిరియంతో కలిపిన కర్క్యుమిన్ (పసుపు సారం) క్యాప్సూళ్లు మాత్రం మింగొద్దు. రక్తంలో మందు పాళ్లు తగ్గినట్టు చూశారు.

జైపూర్_ప్రకృతి:
సరేనండి, కోప్పడకండి. మంచి అనుకునే చెప్పాను. అయితే సోయా బడి కూర? మా ఇంట్లో వారానికి రెండు మూడుసార్లు అదే.

ఛత్రపూర్_రిటైర్డ్_నర్సు:
తినండి. కూరలో సోయా బడి, సోయా పాలు మామూలుగా తింటే హాని కనబడలేదు. సోయా నుంచి తీసి ఐసోఫ్లేవోన్ అని డబ్బాల్లో అమ్మే మాత్రలు, పొడులు వద్దు. తేడా అంతే.

బల్లార్షా_46డిగ్రీలు:
నా గోల కూడా వినండి. మే నెలలో మా చంద్రాపూర్ జిల్లాలో ఊరికే కూర్చున్నా చెమటలే. ఆవిరి వచ్చింది మందువల్లనా, ఎండవల్లనా అని మా ఆయన్ని అడిగితే "నాకూ వస్తోంది, నేనే మందు వేసుకోలేదు" అంటాడు. నవ్వొచ్చినా తేడా నాకు తెలుసు. మందు ఆవిరి ఛాతీలోంచి మొదలై మెడ, మొహం మీదికి పాకుతుంది, గుండె దడదడలాడుతుంది, రెండు మూడు నిమిషాల్లో దిగిపోయి చలి పుడుతుంది. ఎండ అలా దిగదు.

నాకు పనికొచ్చినవి చెప్తాను. పల్చటి నూలు చీర, నూలు దుప్పటి, పక్కన మరో జత బట్టలు. రాత్రి ఎనిమిది తరవాత టీ లేదు. కారం ఎక్కువైన రోజు ఆవిర్లూ ఎక్కువే, రాసుకుని చూశాను. నా విషయంలో టీ కన్నా కారమే ముద్దాయి, మీకు వేరుండొచ్చు. కూలర్ ముందు పడుకోవడం చెప్పనక్కర్లేదు, కరెంటుంటే. ఇవన్నీ చేసినా నిద్ర పట్టకపోతే డాక్టరు రాత్రిపూట గాబాపెంటిన్ రాశారు. మొదట్లో పొద్దున మత్తుగా ఉండేది, తరవాత అలవాటైంది.

రాయగడ_ఆయన:
నేను మగవాణ్ణి, ఇక్కడ రాయొచ్చో లేదో. నా భార్యకి 38. టామాక్సిఫెన్ వేసుకుంటూ నెలకోసారి పొట్ట మీద గోసెరెలిన్ అని అండాశయాల పని ఆపే ఇంజెక్షన్ వేయించుకుంటుంది. ఆర్నెల్లుగా మనిషి మారిపోయింది. చిన్న మాటకి కోపం, తరవాత ఏడుపు. నిద్ర లేదు. దగ్గరికి వెళ్తే నొప్పి అంటుంది, నేను ఏదో తప్పు చేసినట్టు ఇద్దరం రెండు గోడలకి తిరిగి పడుకుంటాం. ఇక్కడ ఒక డాక్టరు డిప్రెషన్ అని పారొక్సిటిన్ రాశారు. ఇవ్వొచ్చా? రెండో సంగతి, కీమోలో నెలసరి ఆగిపోయింది కదా, ఇంక పిల్లల భయం లేనట్టేనా?

ఛత్రపూర్_రిటైర్డ్_నర్సు:
బాబూ, రాయొచ్చు, రాసినందుకు మంచిది. ఒక్కొక్కటిగా.

పారొక్సిటిన్ ఇంకా మొదలెట్టకపోతే మొదలెట్టకండి. ఆ డాక్టరుకే ఫోన్ చేసి "టామాక్సిఫెన్ వాడుతోంది" అని చెప్పండి. బహుశా చెప్పి ఉండరు. టామాక్సిఫెన్ మన కాలేయంలో సీవైపీ2డీ6 అనే ఎంజైము వల్ల ఎండాక్సిఫెన్‌గా మారితేనే గట్టిగా పనిచేస్తుంది. పారొక్సిటిన్, ఫ్లూఆక్సెటిన్, బుప్రోపియాన్ ఆ ఎంజైమునే కట్టేస్తాయి. బదులు వెన్లాఫాక్సిన్ లాంటిది రాయొచ్చేమో అడగండి. అది ఆవిర్లని కూడా తగ్గిస్తుంది, ఒక మందుకి రెండు పనులు. ఇప్పటికే వాడుతుంటే మాత్రం ఒక్కసారిగా ఆపకండి, వాళ్లే మెల్లిగా మారుస్తారు.

కోపం, ఏడుపు ఆమె గుణం కాదు. 38 ఏళ్ల మనిషిని ఇంజెక్షన్‌తో నెలల్లో ముట్లుడిగిన దశలోకి తోశారు. మిగతా ఆడవాళ్లకి అది ఏళ్ల తరబడి మెల్లిగా జరుగుతుంది.

నొప్పి సంగతి. లోపలి పొర ఎండిపోయి పలచబడుతుంది, అందుకే మంట. హార్మోన్ లేని మాయిశ్చరైజర్ జెల్ వారానికి రెండు మూడుసార్లు, కలిసినా కలవకపోయినా వాడాలి. కలిసేటప్పుడు నీటితో చేసిన లూబ్రికెంటు వేరే. రెండూ మందుల షాపులో దొరుకుతాయి. సిగ్గయితే కాగితం మీద రాసి చూపించండి. కొబ్బరినూనె వాడేవాళ్లుంటారు, కండోమ్ వాడుతుంటే నూనె పనికిరాదు, చిరిగిపోతుంది. సబ్బుతో లోపల కడగొద్దు. ఈస్ట్రోజెన్ క్రీము మాత్రం క్యాన్సర్ డాక్టరు ఒప్పుకుంటే తప్ప ముట్టొద్దు, గైనకాలజిస్టు రాసినా సరే ఒకసారి అడగాలి.

పిల్లల సంగతి: భయం ఉంది! నెలసరి ఆగడం, అండాశయాలు ఆగడం ఒకటి కాదు. కీమో తరవాత ఆగిన నెలసరి ఏడాదికో రెండేళ్లకో తిరిగి వచ్చినవాళ్లు బోలెడుమంది. టామాక్సిఫెన్ కడుపులో బిడ్డకి హాని చేస్తుంది. గర్భనిరోధక మాత్రలు వద్దు, వాటిలో హార్మోన్ ఉంటుంది. కాపర్ టీ గానీ కండోమ్ గానీ. ముందు ముందు బిడ్డ కావాలనుకుంటే అదీ డాక్టరుతో మాట్లాడండి. కొంతకాలం చికిత్స జరిగాక రెండేళ్ల దాకా మందు ఆపి బిడ్డని కని, మళ్లీ మొదలెట్టిన ఆడవాళ్ల మీద పాజిటివ్ అనే పరిశోధన 2023లో వచ్చింది. తలుపు మూసుకుపోలేదు.

రాయగడ_ఆయన:
ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదమ్మా. టామాక్సిఫెన్ సంగతి ఆ డాక్టరుకి చెప్పలేదు, నిజమే. రేపే ఫోన్ చేస్తాను. ఈ పోస్టు ఆవిడకి చూపించాను, చదివి "రెండు గోడలు అని రాశావా" అని నవ్వింది.

సిరోంచ_అక్క:
నవ్విందంటె సగం రోగం పోయినట్టే తమ్మీ.

బరంపురం_పట్టుచీర:
మళ్లీ అప్ప దగ్గరికి వద్దాం. కీళ్లకి నాకు అన్నిటికన్నా పనికొచ్చింది నడక. నొప్పిగా ఉంటే నడవమంటావేంటే అని మా అమ్మ తిట్టింది. కానీ దీనికి ఆధారం ఉంది. అమెరికాలో ఈ మందులు వాడుతూ కీళ్లనొప్పులున్న 121 మంది ఆడవాళ్లని తీసుకుని, సగం మందితో ఏడాదిపాటు వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడిపించి, రెండుసార్లు బరువులెత్తించారు. వాళ్ల నొప్పి 29 శాతం తగ్గింది, మిగతా సగానికి కాస్త పెరిగింది. నేను బరువులకి బదులు రెండు లీటరు సీసాల్లో నీళ్లు పోసి ఎత్తుతాను. ఆపరేషనైన వైపు చెయ్యి వాస్తుంటే మాత్రం ఫిజియోథెరపిస్టుని అడిగి తక్కువ బరువుతో మొదలెట్టండి.

పొద్దున్న లేవగానే గోరువెచ్చటి నీళ్లలో చేతులు పెట్టి పిడికిలి తెరుస్తూ మూస్తూ ఉండండి. కాఫీ తరవాతే కుట్టుమిషను. మాత్ర పొద్దున్న వేసుకునేదాన్ని రాత్రికి మార్చుకున్నాను, అదేం పరిశోధన కాదు, నాకు హాయిగా ఉంది అంతే. ఒక వేలు మడిచాక టక్కుమని తెరుచుకుంటుంటే, రాత్రిళ్లు మూడు వేళ్లు తిమ్మిరెక్కుతుంటే అది కూడా డాక్టరుకి చెప్పండి, ఆ రెండిటికీ వేరే వైద్యం ఉంది.

మందులషాపు_గుణుపూర్:
నొప్పి మాత్రల మాట కూడా చెప్పుకోవాలి. పారాసిటమాల్ సరే. షాపుకొచ్చి డైక్లోఫెనాక్ స్ట్రిప్పులు కొనుక్కుపోయి నెలల తరబడి మింగేవాళ్లున్నారు, కిడ్నీకీ కడుపుకీ చేటు. ఎక్కువగా ఉంటే డులాక్సెటిన్ అనే మందుతో ఈ రకం కీళ్లనొప్పులు తగ్గినట్టు 2018లో పెద్ద పరిశోధనే వచ్చింది. మీరు లెట్రోజోల్ కాబట్టి అడగొచ్చు. టామాక్సిఫెన్ వాళ్లకి అది అంత మంచి ఎంపిక కాదు, ఇందాకటి ఎంజైము గొడవే కొంత దీనికీ ఉంది.

ఖర్చు సంగతి: లెట్రోజోల్ జన ఔషధి దుకాణంలో చౌకగా దొరుకుతుంది. 2025 ఏప్రిల్ నుంచి ఒడిశాలోనూ ఆయుష్మాన్ వచ్చింది కాబట్టి కార్డుంటే పక్క రాష్ట్రంలో ఆ పథకంలో ఉన్న ఆసుపత్రుల్లో చెల్లుతుంది. విశాఖ వెళ్లేముందు ఆ ఆసుపత్రికి ఫోన్ చేసి ఉందో లేదో కనుక్కోండి.

పర్లాకిమిడి_అప్ప:
మీరందరూ చెప్పాక నిన్న ఫోన్ చేశాను. సూదిలో దారం మాట చెప్పేసరికి ఆ అమ్మాయి డాక్టరుగారికే ఇచ్చింది. మూడు వారాలు ఆపమన్నారు, తేదీ రాసుకోమన్నారు. తగ్గినా తగ్గకపోయినా ఆ తేదీకి రమ్మన్నారు, వేరే మందు ఇస్తారట. విటమిన్ డి పరీక్ష, డెక్సా స్కాను కూడా చేయిస్తారట. మొదట్లోనే చెయ్యాల్సిందట ఆ స్కాను. ఇంటాయనకి ఫోన్ స్పీకరులో పెట్టి వినిపించాను. ఏటీ అనలేదు గానీ రైలు టికెట్టు తనే తీస్తానన్నాడు.

ఈ డెక్సా అంటే ఏటి, సూదులుంటాయా?

బరంపురం_పట్టుచీర:
సూదుల్లేవు అప్పా, ఎక్స్‌రే లాంటిదే, బల్ల మీద కదలకుండా పడుకోవడమే. నడుమూ తుంటీ చూస్తారు. టీ స్కోరు అని ఇస్తారు, మైనస్ 2.5 గానీ అంతకన్నా కిందికి గానీ ఉంటే ఎముక గుల్ల అని లెక్క. నాది మైనస్ 2.7 వచ్చింది. ఆర్నెల్లకోసారి జోలెడ్రానిక్ యాసిడ్ అనే ఎముకల మందు సెలైన్‌లో ఎక్కిస్తున్నారు. మొదటిసారి ఎక్కించిన రాత్రి జ్వరం, ఒళ్లంతా విరగదీసినట్టు. పారాసిటమాల్‌తో రెండ్రోజుల్లో పోయింది, రెండోసారి అంత లేదు. దానికి ముందు పళ్ల డాక్టరుకి చూపించుకోండి. పీకాల్సిన పన్నుంటే ముందే పీకించుకోవాలి, తరవాతైతే దవడ ఎముక మానకపోవచ్చంటారు.

తిండిలో మన దగ్గర చోడి (రాగి) అంబలి ఉండనే ఉంది. నూరు గ్రాముల చోళ్లలో 340 మిల్లీగ్రాముల పైనే కాల్షియం. నువ్వులుండ, పెరుగు, చిన్న చేపలు ముల్లుతో సహా. అయినా స్కోరు తక్కువుంటే తిండి ఒక్కటే చాలదు, మాత్ర కావాలి.

రాయగడ_ఆయన:
దీని మీదే ఒక సందేహం. మా పిన్నికి డెనోసుమాబ్ అని ఎముకల ఇంజెక్షన్ రాశారు, ఆర్నెల్లకొకటి. విశాఖలో కొని ఇక్కడ వేయించుకోమన్నారు. రైల్లో పాడవదా?

మందులషాపు_గుణుపూర్:
అది 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. షాపువాళ్లని థర్మాకోల్ డబ్బా, జెల్ ప్యాకులు అడగండి. ఇంజెక్షన్ అట్టపెట్టెని ఐసుకి నేరుగా ఆనించొద్దు, మధ్యలో గుడ్డ పెట్టండి. గడ్డకడితే పారెయ్యాల్సిందే. ఇంటికి రాగానే ఫ్రిజ్‌లో, ఫ్రీజర్‌లో కాదు. ఇంకో ముఖ్యమైన మాట, ఆర్నెల్ల తేదీ దాటనివ్వొద్దని పిన్నిగారికి చెప్పండి. డెనోసుమాబ్ ఉన్నపళంగా ఆపితే ఎముక వేగంగా తరిగి వెన్నుపూసలు విరిగినవాళ్లున్నారు. ఆపాలంటే డాక్టరు దాని వెనకే వేరే మందు ఇస్తారు.

పర్లాకిమిడి_అప్ప:
స్కాను రోజు ఏటైనా మానాలా? అన్నం తినొచ్చా?

బరంపురం_పట్టుచీర:
అన్నం తినండి. కాల్షియం మాత్ర మాత్రం ముందురోజు నుంచీ వేసుకోవద్దు. లోహపు హుక్కుల జాకెట్టు, మొలతాడు, పిన్నీసులు తీసెయ్యమంటారు, నూలు నైటీ ఒకటి సంచిలో పెట్టుకుని వెళ్లండి. గుణుపూర్ పాసింజర్‌కి వెళ్తే చలికి శాలువా కూడా.

ఛత్రపూర్_రిటైర్డ్_నర్సు:
ఆపరేషనుకి ముందువి కూడా, పాత కాగితాలన్నీ తీసుకెళ్లండి. ఇప్పుడు వేసుకునే ప్రతి మందూ, బీపీ మాత్ర, గ్యాసు మాత్ర, పొడులు, లేహ్యాలు అన్నీ ఒక కాగితం మీద రాసి డాక్టరు చేతికివ్వండి.

జైపూర్_ప్రకృతి:
మా అత్తగారిని కూడా ఈ నెలలో కటక్ తీసుకెళ్తున్నాం. మధ్యలో ఎనిమిది నెలలు మందు లేదు. డాక్టరు ఏమంటారో అని భయపడుతోంది.

ఛత్రపూర్_రిటైర్డ్_నర్సు:
ఎనిమిది నెలలని ఉన్నది ఉన్నట్టు చెప్పమనండి. తగ్గించి చెప్తే తప్పు లెక్క మీద మందు రాస్తారు. చాలామందికి మళ్లీ మొదలెడతారు. లేహ్యం డబ్బా కూడా తీసుకెళ్లి చూపించండి.